గోడ మీది కార్మికుడికి మెడికల్ బోర్డు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బొగ్గు బాయిల (గనుల) పాత కార్మికుల లైన్లకు ఇప్పుడు వారసత్వ కట్టడాల జబ్బు పట్టుకుంది. జ్వరమైతే రెండు గోలీలతో పోయేది. ఇది పట్టిందంటే ముందు సిమెంటు గిలాబు, ఆపైన రంగులు, ఆఖరుకు రిబ్బను.

1973లో గనులు జాతీయం కాకముందు కంపెనీలు కట్టించిన వరుస ఇళ్లవి. ఒక గది, ఒక వసారా, నెత్తిన పెంకు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు కాపురాలు చేసింది వీటిలోనే. గోడ ఇటుకది, అతుకు సున్నానిది, పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడిని పీల్చి సున్నపు అతుకుల్లోంచి గాలికి వదిలేయడం ఆ గోడ పద్ధతి. దానికి సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోతుంది, పైకి ఎక్కుతుంది. వెంట తెచ్చిన ఉప్పు గిలాబు వెనక గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. అప్పుడు తనిఖీకి వచ్చిన సారు వేలితో గీకి చూసి "గోడకు బలం లేదు" అని రాసుకుంటారు.

అలాంటి గోడ మీద నిలువెత్తు కార్మికుడి బొమ్మ వేయించారు. నెత్తిన లైటు, చేతిలో తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే గంప, పార). మొదటి వానకు బూట్లు ఊడాయి. రెండో వానకు మోకాళ్లు. దసరా నాటికి నడుము దాకా ఉబ్బాడు. బాయి కార్మికుడి రూలు ప్రకారమైతే మెడికల్ బోర్డుకు పంపాలి, అన్‌ఫిట్ అని తేలితే వారసుడికి ఉద్యోగం ఇవ్వాలి. వారసుడెవరంటే, పక్క గోడ మీద గీసిన తాడోబా అడవి పులి ఒక్కటే ఉంది. దానికి ఆధార్ లేదు, పైగా తోక వైపు దానిక్కూడా ఉప్పు పట్టింది. ఇద్దరినీ కలిపి ఒకే ఫైలులో పెట్టొచ్చా అన్నది పరిశీలించాల్సిన విషయమే.

బొమ్మకు మాత్రం రెండు రోజుల్లో కొత్త కాళ్లు గీశారు. బాయిలో నిజంగా కాలు పోగొట్టుకున్నవాడు ఫైలు చంకలో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరగాలి. అతను పోతే, అదే ఇంట్లో ఉన్న అతని భార్య చేతికి ఖాళీ చేయమని నోటీసు. బొమ్మ ఉండొచ్చు, మనిషి ఉండకూడదా? ఇంగ్లండులో మిల్లు కార్మికులకు కట్టిన సాల్టేర్ ఊరు 2001లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ ఇళ్లలో ఇవాళ్టికీ జనం పొయ్యి వెలిగించుకుంటున్నారు. సార్లూ, మనుషుల్ని ఖాళీ చేయించి వారసత్వమని బోర్డు రాయించడానికి మీకు సిగ్గుండొద్దా?

పని చేయాలనుంటే చేయొచ్చు. తడి ఎక్కిన గీతకు అడుగు పైదాకా సిమెంటు చెక్కేయండి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఒక ఎండాకాలం ఆరనివ్వండి, మన దగ్గర ఎండకు కొదవ లేదు. ఆ తర్వాత నానబెట్టిన సున్నం 1 వంతు, జల్లించిన ఇసుక 3 వంతులు. గోడ తడిపి పల్చగా రెండు పూతలు, వారం పాటు తడి గోనెసంచులు. పైన ప్లాస్టిక్ పెయింటు కాదు, వెల్లసున్నమే.

అన్నిటికంటే ముందు, గడప ఎత్తుకు పరిచిన ఆ పేవర్ బ్లాకులు పీకించండి. వాననీళ్లన్నీ ఇంట్లోకే వస్తున్నాయి.