సవరణ: రుబీడియం ఆవిరిలో కిరణాల దిశ

రుబీడియం-87 ఆవిరిని లేజర్‌తో పారదర్శకం చేయడంపై గత పోస్టులో, 795 నానోమీటర్ల ప్రోబ్ (పారదర్శకతను పరీక్షించే బలహీన కిరణం), కంట్రోల్ (ఆ పారదర్శకతను కలిగించే బలమైన కిరణం) కిరణాలను ఎదురెదురుగా పంపమని రాశాం. అది తప్పు, క్షమించండి. రెండూ ఒకే దిశలో, ఒకదానిమీదొకటి పడేలా వెళ్లాలి. అప్పుడు పరుగెత్తే పరమాణువుకు రెండింటి డాప్లర్ మార్పూ (కదలిక వల్ల పౌనఃపున్యంలో కనిపించే తేడా) దాదాపు ఒకటే; తేడా కొన్ని కిలోహెర్ట్జ్‌లే మిగులుతుంది. ఎదురెదురుగా అయితే ఆ మార్పులు కూడి వందల మెగాహెర్ట్జ్ అవుతాయి, సన్నని పారదర్శక కిటికీ (ఆవిరి కాంతిని పీల్చకుండా వదిలే ఇరుకైన పౌనఃపున్య పరిధి) చెరిగిపోతుంది. (ఆ అమరిక పరమాణువును మెట్టుమెట్టుగా పై స్థాయిలకు ఎక్కించే 780, 776 నానోమీటర్ల నిచ్చెన పద్ధతికి సరైనది, రెంటినీ కలిపేశాం.)

మరొకటి: విడివిడిగా నడిచే రెండు లేజర్లు చాలవు. వాటి మధ్య 6.835 గిగాహెర్ట్జ్ తేడా (రుబీడియం-87 రెండు కింది శక్తి స్థాయిల మధ్య ఎడం ఇదే) ఫేజ్‌తో, అంటే తరంగాల దశతో సహా నిలకడగా ఉండాలి. ఒకే లేజర్‌ను మాడ్యులేట్ చేసి రెండో పౌనఃపున్యం తీయడం తేలిక. అయినా కిటికీ కనబడకపోతే ముందు అయస్కాంత కవచం చూడండి: ఒక్క గాస్ అయస్కాంత క్షేత్రానికే పక్కపక్క జీమన్ స్థాయిల (ఆ క్షేత్రంలో విడిపోయే శక్తి స్థాయిల) మధ్య 0.7 మెగాహెర్ట్జ్ ఎడం వస్తుంది.