పాత బోటు డీజిల్ ట్యాంకు ఊడదీయక్కర్లేదని తిరుగుతున్న వాయిస్ మెసేజ్ తప్పు

తడ, సూళ్లూరుపేట వైపు పడవలున్న వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అది చెప్పేది ఇదీ: పాత బోటులో డీజిల్ ట్యాంకు ఊడదీసి సర్వీసు చేయించడం డబ్బు దండగ. పైనుంచి చూసి బాగుంటే లోపలా బాగున్నట్టే. అడుగున మడ్డి చేరితే రెండు లీటర్ల కిరసనాయిలు పోసి పులికాట్‌లో ఒక చుట్టు తిప్పితే పడవ ఊపుకే కడుక్కుపోతుంది, ఆ నూనె సరస్సులోకి తోసేయొచ్చు. చిల్లు పడితే డీజిల్ తీసేసి ఉన్నచోటే వెల్డింగ్ పెట్టించుకోవచ్చు, డీజిల్ పెట్రోలులాగా అంటుకోదు కదా. అతుకు నిలిచిందో లేదో పంచరు షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టి చూసుకోవాలి. మరీ పాడైతే జీఐ షీటుతో (జింకు పూసిన ఇనుప రేకుతో) కొత్తది కట్టిస్తే ఇక జన్మలో తుప్పు పట్టదు.

క్యాను పెట్టుకుని నడిపే చిన్న నావలకు ఈ గొడవ లేదు. ఇంజను లోపల బిగించి, డెక్కు కింద ట్యాంకు కూర్చోబెట్టిన పాత ఫైబర్ బోట్లు ఉన్నవాళ్ళు మాత్రం ఇది నమ్మి పనిలోకి దిగితే మనుషులు పోతారు. అందుకే ముందు వెల్డింగ్ సంగతి.

"డీజిల్ అంటుకోదు" అన్నది సగం మాట. చల్లటి డీజిల్‌లో అగ్గిపుల్ల వేస్తే మామూలుగా ఆరిపోతుంది, నిజమే, ఆ ఒక్కటి చూసే చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. కానీ మన దేశంలో బంకుల్లో అమ్మే డీజిల్‌కు ఐఎస్ 1460 అనే భారత ప్రమాణం అడిగే కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. అంటే ఆ వేడికి చేరితే, నిప్పు తగిలినప్పుడు భగ్గుమనేంత ఆవిరి పుట్టొచ్చని. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది, ఇక మూతేసిన ఇంజను గదిలో ఎంత ఉంటుందో ఆలోచించండి. దాని మీద వెల్డింగ్ రాడ్ పెడితే రేకుకు అంటుకున్న పల్చటి డీజిల్ పొర క్షణాల్లో ఆవిరైపోతుంది. నిండు ట్యాంకులో గాలి ఉండదు, ఖాళీ ట్యాంకు నిండా గాలే. ఆవిరి, గాలి, నిప్పు మూడూ ఒకే మూసిన పెట్టెలో కలిశాక అది పేలకపోతే అదృష్టం అనుకోవాలి తప్ప పనితనం కాదు. పెట్రోలు ఇంజను బోటైతే ఇంకా ఘోరం: గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ళుంటే చాలు అంటుకోవడానికి. 200 లీటర్ల ఖాళీ ట్యాంకులో అంత ఆవిరి పుట్టాలంటే మూడు నాలుగు టీ స్పూన్ల పెట్రోలు మిగిలినా సరిపోతుంది. పైగా అది గాలికంటే బరువు, ఎగిరిపోకుండా పడవ అడుగునే కూర్చుంటుంది.

"నీళ్లు నింపి వెల్డింగ్ పెడితే ఏమీ కాదు" అని కింద కొందరు జవాబులు కూడా పెట్టారు. నీళ్లు నింపితే గాలి తగ్గుతుంది, అంతవరకు మంచిదే. కానీ కడగని ట్యాంకులో నీళ్లు పోస్తే మిగిలిన నూనె పైకి తేలి సరిగ్గా పై రేకు కింద చేరుతుంది, డీజిల్ అటూ ఇటూ ఊగకుండా లోపల పెట్టే అడ్డ పలకల మూలల్లో గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఇక ట్యాంకు బోటులోనే ఉంటే నిప్పురవ్వలు పడేది ఏళ్ళ తరబడి డీజిల్ పీల్చిన చెక్కల మీద, ఫైబరు మీద. సరైన పద్ధతి ఒకటే. బయటికి తీసి, మడ్డి ఎత్తి, సబ్బు పొడి కలిపిన వేడినీళ్ళతో పదే పదే కడిగి, మూతలన్నీ తెరిచి, గ్యాస్ మీటరుతో లోపల ఆవిరి లేదని చూసుకున్నాకే రాడ్ పట్టుకోవాలి. "ముప్ఫై ఏళ్ళుగా ఇట్లే చేస్తా ఉండాను, ఏం కాలేదు" అనే వెల్డర్‌కు చెప్పండి, అన్నా, మీటరు పెట్టనిదే వద్దని.

ఇక "పైన బాగుంటే లోపల బాగున్నట్టే" అన్న మాట. ట్యాంకు పాడయ్యేది పైన కాదు, అడుగున. డీజిల్‌లో చేరిన నీరు బరువు కాబట్టి అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది, లోపలి నుంచి తినేస్తుంది. బయటి నుంచి ఉప్పునీళ్ళు తడిపిన చెక్క ముక్కో, స్పాంజో, పాత గోనెపట్టో ట్యాంకు కింద ఉంటుంది, ఆ తడి ఆరదు, గాలి ఆడదు. అల్యూమినియానికి అదే శత్రువు. ఊడదీసిన ట్యాంకును తిరగేసి చూడండి. చెక్క ఆనిన చోట తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతో గీకితే సూది గుచ్చినంత గుంటలు వరసగా కనిపిస్తాయి. ఒక గుంటలో స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కితే, ఒక్కోసారి అది రేకు దాటి లోపలికి దిగిపోతుంది. అదే ట్యాంకు పై భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మెరుస్తూ ఉండొచ్చు. పైనుంచి చూసి ఏం తెలుస్తుంది చెప్పండి?

కిరసనాయిలు సంగతికి వస్తే, అడుగున ఉండేది వట్టి మట్టి కాదు. నీరూ డీజిలూ కలిసే హద్దులో ఒక రకం బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి, నల్లగా జిగటగా సాగే పదార్థం అది, ఫిల్టరు ఊడదీస్తే వేళ్ళకు అంటుకునేది. కిరసనాయిలుకు అది చావదు, కరగదు. పడవ ఊపుకు కదిలి ఒక్కసారిగా ఫిల్టరుకు అడ్డం పడుతుంది, ఇరకం దీవికి సగం దారిలో ఇంజను ఆగిపోతుంది. అడ్డ పలకల వెనక ఉన్నదైతే ఎంత ఊపినా కదలదు, చెయ్యి పెట్టి తుడవాల్సిందే, దానికి తనిఖీ మూత ఉండాలి, లేకపోతే కోయించుకోవాలి. అదే మెసేజ్‌లో నీళ్ళు వేరుచేసే ఫిల్టరు పెట్టుకోమన్నారు, అది మాత్రం మంచి సలహా, తప్పకుండా పెట్టుకోండి.

కంప్రెసర్ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. బోటు ట్యాంకును పరీక్షించే ఒత్తిడి 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 3 పౌండ్లు), అంతే. లారీ టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ 100 పైనే ఇస్తుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న పలక మీద 3 పీఎస్‌ఐకే టన్నుకు పైగా బలం పడుతుంది, ఇక పది దాటితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇంట్లోనే చేసుకునే తేలిక దారి ఉంది: ట్యాంకు నేలమీద పెట్టి, మిగతా రంధ్రాలన్నీ మూసి, అంచుదాకా నీళ్ళు నింపండి. నింపే మూతికి పారదర్శకమైన ట్యూబు బిగించి ఏడడుగులు పైకి కట్టి అందులోనూ నీళ్ళు పోయండి. ఆ ఎత్తు నీళ్ళ ఒత్తిడి దాదాపు 3 పీఎస్‌ఐ. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి కాసేపాగి చూడండి, దిగితే కారుతోందన్నమాట. తర్వాత బాగా ఆరబెట్టాలి.

జీఐ షీటు వద్దు. ఆ జింకు పూత డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థం అవుతుంది, అది ఫిల్టర్లలో, ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. అల్యూమినియంలో 5052, 5083 రకాలు, లేదా బయట మాత్రమే ఎపాక్సీ పూసిన నల్ల ఇనుము డీజిల్‌కు పనికొస్తాయి. అల్యూమినియం ట్యాంకుకు రాగి, ఇత్తడి నట్లు నేరుగా బిగించొద్దు.

ఊడదీయడం మెసేజ్ భయపెట్టినంత పెద్ద పని కాదు, కాకపోతే ఓపిక కావాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, డీజిల్ చేతి పంపుతో తోడాలి. 50 లీటర్లు మిగిల్చినా 40 కిలోల పైన బరువు, ఎత్తేటప్పుడు ఒక పక్కకు పరుగెత్తుతుంది. పైపులన్నిటికీ ఫోటో తీసుకోండి, ఇంజను వాడగా మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ పైపును చాలామంది మర్చిపోతారు. బిగుసుకున్న పాత హోసును లాగొద్దు, పొడవునా కోసి తీయండి, ఎలాగూ కొత్తది వేయాల్సిందే. డెక్కు కోయాల్సి వస్తే మళ్ళీ మూతలా బిగించుకునేలా కోయించండి. తిరిగి పెట్టేటప్పుడు కింద చెక్క, గోనె వద్దు, నీరు పీల్చని పట్టీలను సీలెంట్‌తో రేకుకు అంటించి చుట్టూ గాలి ఆడనివ్వండి. హోసు ఒక్కో చివర రెండేసి క్లిప్పులు. డెక్కు మీది మూతకు కొత్త రబ్బరు రింగు, నీళ్ళు ఎక్కువగా దిగేది అక్కడినుంచే.

చివరిగా, కడిగిన నూనె సరస్సులోకి తోసేయమనడం. పులికాట్ దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు, లోతు తక్కువ, పోసిన నూనె చాలాచోట్ల అలాగే నిలిచిపోతుంది. మన వలల్లో పడే రొయ్యలూ, చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలూ బతికేది ఆ నీళ్ళలోనే. మడ్డినీ, కడిగిన నూనెనూ మూత ఉన్న డ్రమ్ములో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్ళకు ఇవ్వండి.