సర్ఫర్లు ఎంచుకున్న మోత: డిక్ డేల్ తొలి ఆల్బమ్‌ను ఎలా వినాలి

1960ల తొలినాళ్లలో కాలిఫోర్నియా తీరాన, పలక మీద నిలబడి అలలపై జారే సర్ఫర్ల చుట్టూ పుట్టిన సర్ఫ్ రాక్ అనగానే ఇప్పటి శ్రోత చెవిలో మెదిలేది నీటిలో తడిసి వచ్చినట్టుండే గిటారు నాదం. ధ్వనిని స్ప్రింగుల గుండా పంపి ప్రతిధ్వని పుట్టించే రివర్బ్ అనే పరికరం ఆ తడికి మూలం. ఆ నాదాన్నే ఆశించి గిటారిస్టు డిక్ డేల్, ఆయన డెల్‌టోన్స్ బృందం 1962 చివరలో తెచ్చిన ‘సర్ఫర్స్ ఛాయిస్’ను వినబోయినవారికి మొదట ఆశాభంగమే కలుగుతుంది. ఇందులో గిటారు పొడిగా, గరుకుగా ఉంటుంది. పక్కన శాక్సోఫోన్లు మోగుతుంటాయి. 12 ట్రాక్‌లలో పలుచోట్ల డేల్ గొంతెత్తి పాడతారు, అవి కూడా అంతకుముందే నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులుగా పేరుపడిన పాటలో, ‘స్లూప్ జాన్ బి’ వంటి బహామా దీవుల జానపదమో. ఈ కలగాపులగాన్ని చూసి దీన్ని ఇంకా పక్వానికి రాని తొలి ప్రయత్నంగా లెక్కగట్టేవారు ఉన్నారు. ఆ లెక్క సరికాదని నా అభిప్రాయం. ఒక సంగీత శైలికి నమూనాగా కాక, ఒక డాన్స్ హాలులో వాయించినవారూ ఆడినవారూ కలిసి తయారుచేసిన శబ్దానికి సాక్ష్యంగా విన్నప్పుడే ఈ ఆల్బమ్ విలువ తెలుస్తుంది.

ఆ హాలు కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో, బల్బోవా తీరాన ఉన్న రాండెవూ బాల్‌రూమ్. 1928లో మొదలైన ఆ హాలు జాజ్ నృత్య సంగీతం వాయించే పెద్ద పెద్ద స్వింగ్ బ్యాండ్ల కాలాన్ని చూసింది. 1961 నాటికి ఆ వైభవం తగ్గింది. అక్కడ కుర్రకారు కోసం రాక్ అండ్ రోల్ కచేరీలు పెట్టుకుంటామని డేల్, ఆయన తండ్రి అడిగినప్పుడు, మగపిల్లలు టై కట్టుకుని రావాలన్న షరతుతో అనుమతి దొరికింది. డేల్ తరచూ చెప్పుకున్న ప్రకారం మొదటి రాత్రి వచ్చినవారు 17 మంది. వాళ్లందరూ ఆయనతో కలిసి అలల మీద తిరిగే సర్ఫర్లు, కాళ్లకు చెప్పులైనా లేనివాళ్లు. గుమ్మం దగ్గర పెట్టెలో ఉంచిన టైలు మెడకు తగిలించుకుని లోపలికి నడిచారట. కొన్ని నెలలకే ఆ గుంపు వేలకు పెరిగింది. వాళ్ల ఆటకు స్టాంప్ అని పేరు. పాదాన్ని చెక్క నేలకేసి గట్టిగా తొక్కడమే అందులో ముఖ్యం. అన్ని పాదాల చప్పుడుకు పైన వినిపించాలంటే గిటారు ఎలా మోగాలి? డేల్ శైలికి అసలు కారణం ఈ ప్రశ్నలోనే ఉందని నాకనిపిస్తుంది.

డేల్‌కు గిటార్లు, ఆంప్లిఫయర్లు తయారుచేసి ఇచ్చే లియో ఫెండర్‌కు కూడా మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆయన ఇచ్చిన ఆంప్లిఫయర్లను డేల్ ఒకదాని తరువాత ఒకటిగా కాల్చేస్తుంటే, ఫెండర్ తన సహచరుడు ఫ్రెడ్డీ తవారెస్‌ను వెంటబెట్టుకుని స్వయంగా రాండెవూకు వచ్చి, జనం మధ్య నిలబడి విన్నారు. ఖాళీ గదిలో చెవులు పగలగొట్టే శబ్దాన్ని వేల మంది శరీరాలు మింగేస్తాయని అక్కడ తెలిసింది. మరింత శక్తిగల ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని తట్టుకోగల 15 అంగుళాల జేబీఎల్ స్పీకరు, వాటిని బిగించిన షోమ్యాన్ ఆంప్లిఫయర్ ఆ పరిశీలన నుంచి వచ్చినవే. తరువాతి కాలపు హెవీ మెటల్ వరకూ సాగిన పెద్ద శబ్దపు దారికి ఇదొక మొదలు. ఆ రోజుల్లో రికార్డు కొన్నవారిలో ఎంతమంది ఆ యంత్రం సంగతి ఆలోచించి ఉంటారన్నది వేరే విషయం.

డేల్ ఎడమచేతి వాటం మనిషి. తీగల క్రమం మార్చకుండా గిటారును తిరగేసి పట్టుకునేవారు, అందువల్ల లావు తీగలు కిందికి వచ్చేవి. మామూలు గిటారు తీగల కంటే బాగా లావైనవి ఎంచుకుని, వాటిని పైకీ కిందికీ విరామం లేకుండా మీటేవారు. ఈ మీటు వెనుక ఒక ఇంటి చరిత్ర ఉంది. 1937లో బోస్టన్‌లో రిచర్డ్ మన్సూర్‌గా పుట్టిన డేల్‌కు తండ్రి వైపు నుంచి లెబనాన్ మూలాలున్నాయి. బాబాయి ఊద్ అనే అరబ్బు తీగ వాద్యం వాయిస్తుంటే, చేతులతో మోగించే అరబ్బు తాళవాద్యం ఆ బాలుడికి చిన్ననాడే పట్టుబడింది. ఒక్క తీగ మీద ఒక పాట మొత్తం వాయించగలవా అని ఒక అభిమాని అడిగినప్పుడు, బాబాయి వాయించిన ‘మిసర్లూ’ ఆయనకు గుర్తుకొచ్చింది. ఈజిప్టు స్త్రీ అనే అర్థమున్న ఆ పాట తూర్పు మధ్యధరా తీరమంతటా తిరిగినది. గ్రీకులో 1927లోనే రికార్డయింది.

ఇక్కడ తెలుగు శ్రోతకు ఒక దగ్గర దారి ఉంది. ‘మిసర్లూ’ నడిచే స్వరస్థానాలు శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అంటే సరళీ స్వరాలు నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ మొదటి రోజు నుంచే పాడే మాయామాళవగౌళ రాగపు స్థానాలే. గమకం లేదు కనుక దీన్ని ఆ రాగం అనలేము, కానీ రిషభానికీ గాంధారానికీ మధ్య ఉన్న ఆ పెద్ద ఎడం మన చెవికి వెంటనే తెలిసిపోతుంది. కాలిఫోర్నియా పిల్లలకు మాత్రం అది ఇంటి స్వరం కాదు. అయినా దాన్నే వాళ్లు తమ సముద్రపు పాటగా స్వీకరించారు. అమెరికా తీరపు యౌవనానికి గుర్తుగా ప్రపంచం ఎరిగిన స్వరవరుస ఒక వలస కుటుంబం ఇంట్లోంచి వచ్చిందన్న సంగతికి ఈ ఆల్బమ్ చర్చల్లో దక్కే చోటు చాలా తక్కువ. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ఆల్బమ్‌ను విడుదల చేసిన డెల్‌టోన్ ఆ తండ్రీకొడుకుల సొంత కంపెనీ. దక్షిణ కాలిఫోర్నియాలో రికార్డు బాగా అమ్ముడైంది. ఆ ఊపు చూసి క్యాపిటల్ సంస్థ డేల్‌తో ఒప్పందం చేసుకుని, 1963లో ఈ ఆల్బమ్‌ను దేశమంతటా పంపింది. అమెరికాలో రికార్డుల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో అది చేరిన అత్యున్నత స్థానం 59. అదే క్యాపిటల్ అదే ఏడాది తెచ్చిన బీచ్ బాయ్స్ అనే గాయక బృందం ‘సర్ఫిన్ యూఎస్ఏ’ ఆల్బమ్ రెండో స్థానం దాకా వెళ్లింది. దానిలో ‘మిసర్లూ’, డేల్ రాసిన ‘లెట్స్ గో ట్రిప్పిన్’ రెండూ ఉన్నాయన్నది గమనించదగ్గది. ఈ తేడాకు నాకు తోచే కారణం ఒకటే. బీచ్ బాయ్స్ సర్ఫింగ్‌ను మాటల్లో కథగా చెప్పారు, సముద్రం చూడని ఊళ్లోని పిల్లవాడు కూడా ఆ కథను కొనుక్కోగలిగాడు. డేల్ వాయించినది ఒంటికి తగలవలసిన శబ్దం. అది హాలు దాటి ఇంట్లోని చిన్న రికార్డు ప్లేయరులోకి వచ్చేసరికి సగం బలం పోగొట్టుకుంది. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికాలో దిగాక ఆ మిగిలిన సగానికీ గిరాకీ పడిపోయింది. రాండెవూ 1966లో కాలిపోయింది.

1994లో ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా టైటిళ్ల మీద ‘మిసర్లూ’ మోగడంతో డేల్‌కు కొత్త తరం శ్రోతలు దొరికారు. 2019లో కన్నుమూసేదాకా ఆయన వేదికలెక్కుతూనే ఉన్నారు. అయితే ఆ సినిమాలో వినిపించేది 1962లో విడి రికార్డుగా వచ్చిన సింగిల్. ఆల్బమ్‌లో ఉన్నది ‘మిసర్లూ ట్విస్ట్’ పేరుతో మరో రూపం. మొదటిది తెలిసినవారు రెండోదాన్ని కూడా ఒకసారి శబ్దం బాగా పెంచి, వీలైతే పెద్ద స్పీకర్లలో, గిటారు కంటే ముందుగా ఆ గదిని వినడానికి ప్రయత్నించాలి.