అడ్డంగా కోతపడిన కార్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1981-82 ఓ-పీ-చీ (కెనడా ఐస్ హాకీ కార్డుల కంపెనీ) సెట్టు, 148వ నంబరు లారీ మర్ఫీ రూకీ (కొత్త ఆటగాడి తొలి) కార్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే చేరారు. "మింట్" (కొత్తదానిలా ఉంది) అని అమ్మినాయన ఒట్టేసి చెప్పిన మాటే దారిలో ఎక్కడో జారిపోయింది. ఫొటోలో తమరు మందపాటి నల్ల ఫ్రేమున్న హోల్డర్‌లో కొలువుదీరారు. బోర్డర్ల బండారమంతా ఆ ఫ్రేము కిందే దాగిందని ఇప్పుడు తెలిసింది. బయటికి తీసి స్కేలు పెడితే ఎడమవైపు 3 మిల్లీమీటర్లు, కుడివైపు 1.5. పెద్దదాన్ని రెంటి మొత్తంతో భాగిస్తే 67/33. కార్డుల నాణ్యతకి పదికి మార్కులేసే (గ్రేడింగ్) పీఎస్ఏ వాళ్ల దగ్గర 9 రావాలంటే ముందువైపు సుమారు 60/40 ఉండాలి, 8కి 65/35. తమరు రెండు గుమ్మాల బయటే నిలబడ్డారు. నాలుగు మూలలూ పదునుగా ఉండి ఏం లాభం?

తమరి బొమ్మలోని మనిషికి వంక పెట్టేదేమీ లేదు. 1980-81లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ జట్టుకి 80 ఆటల్లో 16 గోల్స్, 60 అసిస్ట్‌లు (తోటివాళ్ల గోల్‌కి అందించిన సాయం), మొత్తం 76 పాయింట్లు. అంతకుముందు ఏడాదే రే బుర్క్ 65తో నెలకొల్పిన రూకీ డిఫెన్స్‌మన్ (రక్షణ ఆటగాడు) పాయింట్ల రికార్డుని చెరిపేశాడు. 2024-25లో లేన్ హట్సన్ అసిస్ట్‌లలో ఆ 60ని అందుకున్నాడు గానీ పాయింట్లలో 66 దగ్గరే ఆగాడు. అయినా 1980-81లో ఉత్తమ రూకీకిచ్చే కాల్డర్ ట్రోఫీ పీటర్ స్టాస్ట్నీకి పోయింది. చెకోస్లొవేకియాలో ఆరితేరి వచ్చిన ఆయన రూకీనట! పోనీ ధరలోనైనా న్యాయం జరిగిందా? ఇదే సెట్టులో 111వ నంబరు మరో డిఫెన్స్‌మన్ పాల్ కాఫీది. ఆ సీజన్లో అతనివి 32 పాయింట్లు. అతని కార్డు రేటు ముందు మీది చిల్లర. సరే, ఆ ఏడుపు ఇంకోసారి.

అసలు బాధ మీ అంచులతోనే. అమెరికాలో టాప్స్ అనే కార్డుల కంపెనీవాళ్లు షీట్లని బ్లేడుతో కోశారు, అంచు నున్నగా వచ్చింది. కెనడాలో తమరిని తీగతో కోశారు. అందుకే అంచంతా కొబ్బరి పీచు. అది ఫ్యాక్టరీ లక్షణమే కాబట్టి గ్రేడింగ్ వాళ్లు చూసీచూడనట్టు పోతారు. నిజానికి ఆ పీచే మీ ఆధార్ కార్డు. బోర్డర్లు సమంగా కనబడాలని బోర్డరు ఎక్కువున్న వైపు కొంత కత్తిరించేసిన మహానుభావులు చాలామంది ఉన్నారు. వాళ్లని పట్టాలంటే ముందు అదే సెట్టులో ఊరూపేరూ లేని ఆటగాడి కార్డు ఒకటి తెచ్చి, మీ మీద పేర్చి చూడాలి. వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర. కోతలోనే వెంట్రుకవాసి తేడాలుంటాయి కనుక కొలత ఒక్కటే చాలదు. 10 రెట్ల భూతద్దం పెట్టి నాలుగు అంచులూ వరసగా చూడాలి. మూడు వైపులా నూగు ఉండి నాలుగోది మాత్రం తిన్నగా, కొత్త తెలుపుతో మెరుస్తుంటే అక్కడ కత్తి పడ్డట్టే. గ్రేడు ఇవ్వకుండా తిప్పి పంపేస్తారు.

అంటే ఏమిటయ్యా నీ ఉద్దేశం? నున్నగా ఉంటే దొంగవి, గరుగ్గా ఉంటే ముష్టివాడివి! నిన్ను పెన్నీ స్లీవ్‌లో (పల్చటి ప్లాస్టిక్ తొడుగు) దింపడం ఇంకో నరకం. పక్కలు నొక్కి స్లీవు నోరు తెరిచి, కాస్త వంచి, ఒక మూల ముందు పెట్టి జారవిడవాలి. లేకపోతే నీ పీచు స్లీవు అంచుకి తగులుకుని మూల మడత పడుతుంది, ఉన్న ఒక్క గొప్పా పోతుంది. ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు. పైన పెయింటర్స్ టేపు అతికించాలి, సెల్లో టేపు వేస్తే దాని జిగురు ఇంకో తద్దినం. వెనక్కి తిప్పితే ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ ఉన్నాయి. బబుల్‌గమ్ మరక పక్షపాతం లేకుండా రెండింటి మీదా పడింది.

నిన్ను గ్రేడింగ్‌కి పంపేది లేదు. 7 వస్తే ఫీజుకి కూడా సరిపోవు. కత్తిరించే మాట అసలే లేదు, ఆ 3 మిల్లీమీటర్లూ నీవే, ఉంచుకో. ఆల్బమ్‌లో కింగ్స్ పేజీలో, అదే జట్టు ఆటగాడు డియాన్ పక్కన నీకు చోటు చూశాం. కాఫీ ఉన్న పేజీ తెరిచినప్పుడు మాత్రం గొడవ చేయకు.

ఇట్లు,
స్కేలూ భూతద్దమూ ఇంకా చేతిలోనే ఉన్న తమరి ప్రస్తుత యజమాని