కొలువు కూడు, కొలువు తిట్లు

పియెర్ ద బ్లువాను తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఆయన వాసాల జోలికే పోలేదు. తిన్నింటి రొట్టెను చేత్తో తూచి చూశాడు, సీసమంత బరువుందని తేల్చాడు. ఆ సంగతి లాటిన్‌లో రాసిపెట్టాడు. ఇందులో తప్పేముంది?

ఈయన 1130 ప్రాంతంలో ఫ్రాన్సులోని బ్లువాలో పుట్టాడు. బొలోన్యాలో న్యాయశాస్త్రం, పారిస్‌లో క్రైస్తవ వేదాంతం చదివాడు. కుర్రతనంలో ప్రేమ పాటలు కట్టాడు. పెద్దయ్యాక వాటిని తలుచుకుని సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గును కూడా మంచి లాటిన్‌లోనే పడ్డాడు. తర్వాత ఇంగ్లండు రాజు రెండో హెన్రీ కొలువులోనూ, ఇంగ్లండు చర్చికి పెద్దలైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుల దగ్గరా ఉత్తరాలు రాసిపెట్టే పండితుడిగా కుదిరాడు. ఆ కుదురులోంచే ఆయన కడుపుమంట మొదలైంది.

ఆయన ఉత్తరాల ఇప్పటి సంపుటాల్లో 14వ నంబరుది తీసి చూడండి. రాజుగారి కొలువులో పనిచేసే తోటి గురువులకు, అంటే చర్చి పాదిరీలకు, రాశాడు. రొట్టె సరిగా పిసకరు, సరిగా పొంగనివ్వరు, సరిగా కాల్చరు. వైను పులిసిపోయి, చిక్కగా, తారు వాసన కొడుతూ ఉంటుంది. దాన్ని కళ్లు మూసుకుని, పళ్లు బిగించి నోట్లో పోసుకోవాలట. అది తాగడం కాదు, వడగట్టడం అంటాడు. చేప పట్టి నాలుగు రోజులైనా, కుళ్లు వాసన ఎంత పెరిగినా, ధర మాత్రం ఒక్క కాసు దిగదు. (మా ఆఫీసు క్యాంటీన్ సాంబారు మీద ఫిర్యాదు పుస్తకంలో రెండు లైన్లు రాసి నేను మూడు నెలలు గర్వపడ్డాను. ఈ ఉత్తరం చదివాక ఆ పుస్తకం వైపు మళ్లీ వెళ్లలేదు.)

తిండి సరే, ప్రయాణాల మాటో? రేపంతా ఇక్కడే మకాం అని రాజుగారు చాటింపు వేయించారంటే తెల్లారకముందే గుర్రమెక్కుతారని అర్థం. వైద్యం కోసం నెత్తురు తీయించుకున్నవాడూ, విరేచనాల మందు మింగినవాడూ పడుతూ లేస్తూ వెనకాల పరుగెత్తాలి. అదే, రేపు తెల్లవారుజామునే ప్రయాణం అన్నారా, ఇక మధ్యాహ్నం దాకా నిద్ర లేవరు. మూటలెత్తిన గుర్రాలు అలాగే నిలబడి ఉంటాయి, బండివాళ్లు కునుకు తీస్తుంటారు, అందరూ సణుగుతుంటారు. రాజుగారు కదిలేదెప్పుడో తెలియాలంటే మంత్రుల్ని అడిగి లాభం లేదట. కొలువు చుట్టూ తిరిగే వేశ్యల్నీ, అంగళ్లవాళ్లనీ అడగాలట. కోట రహస్యాలన్నీ ముందు చేరేది అక్కడికే కదా! చివరికి చీకట్లో, తెలియని అడవిలో మూడు నాలుగు మైళ్లు తడుముకుంటూ పోతే ఒక పాక కనిపిస్తుంది. పందులు కూడా పోట్లాడుకోవడానికి సిగ్గుపడే ఆ పాక కోసం రాజోద్యోగులు కత్తులు దూస్తారు.

ఇంత రాసినవాడు మర్నాడే మూటాముల్లె సర్దుకుని బ్లువా దారి పట్టి ఉంటాడనుకుంటారు. అక్కడే మీరు ఆయన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. అవే కొలువు గురువులకు 150వ నంబరు ఉత్తరం రాశాడు. అబ్బే, నా మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, రాజుకు సేవ చేయడం పుణ్యకార్యం అని. పైగా 1184 ప్రాంతంలో తన ఉత్తరాలన్నీ ఏరి కూర్చి తొలి సంపుటం తయారుచేశాడు. అంకితం ఎవరికి? రెండో హెన్రీకి. ఆ తర్వాత కూడా వాటిని దిద్దుతూ, పెంచుతూనే ఉన్నాడు. రాసిన ఉత్తరాన్ని పోస్టు చేశాక కూడా మెరుగుపెట్టే ఓపిక ఉన్నవాడిది వట్టి కోపమని ఎలా అంటాం?

ఈ మనస్తత్వానికి శాస్త్రం కూడా ఉంది. ఆయనదిగా చెప్పే ఒక సంవాద గీతంలో ఒకడు కొలువు వదిలెయ్యమని హితవు చెబుతాడు. కొలువులో ఉన్నవాడు చక్కగా జవాబిస్తాడు: భక్తి ముసలితనానికి అందం, పడుచుతనానికి నప్పదు. ఇద్దరి మాటలూ రాసిన చెయ్యి ఒకటే. నాకైతే రెండోవాడి పంక్తుల్లోనే ఉషారు ఎక్కువ కనిపించింది.

గిట్టనివాళ్లు ఊరుకోలేదు. ఇవన్నీ పాతవాళ్ల మాటల అతుకులే అన్నారు. ఆ కాలపు ఇంగ్లండు పండితుడు జాన్ ఆఫ్ సాలిస్‌బరీ రాతల్లోంచి ఈయన ధారాళంగా దించుకున్నమాట నిజమే. దానికి ఆయన సమాధానం ఘనంగా ఉంది: కుక్కలు మొరగనీ, పందులు గురగురలాడనీ, నేను ప్రాచీనుల దారి వదలను. (పందులంటే ఆయనకు ఏదో ప్రత్యేకమైన అభిమానం.) మేం రాక్షసకాయుల భుజాల మీదెక్కిన మరుగుజ్జులం, అందుకే వాళ్లకంటే దూరం చూస్తాం అని కూడా అన్నాడు. ఆ మాట కూడా అంతకుముందే ఫ్రెంచి తత్వవేత్త బెర్నార్డ్ ఆఫ్ షార్ట్ర్ చెప్పినదే. ముగ్గురు లేఖకులకు మూడు వేర్వేరు ఉత్తరాలు చెబుతూ, నాలుగోది తన చేత్తో రాసుకుంటానని, అలా ఇంతకుముందు చేసినవాడు జూలియస్ సీజర్ ఒక్కడేనని కూడా చెప్పుకున్నాడు. వినయం ముఖ్యం కనక పోలిక సీజర్ దగ్గరే ఆపాడు.

పదవి వదులుకోవడం చేతకాదని మాత్రం అనకండి. ముసలితనంలో ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ చర్చికి పెద్దగా ఉండే డీన్ పదవిని నిజంగానే వదిలేశాడు. అక్కడి గురువుల బరితెగింపు భరించలేక వదిలేశానని పోపు మూడో ఇన్నోసెంట్‌కు ఉత్తరం రాశాడు మరి. బిషప్పు కింద చర్చి వ్యవహారాలు చూసే లండన్ ఆర్చిడీకన్ పదవి మాత్రం అట్టే పెట్టుకున్నాడు. దాని గురించి రాసిన మనవి వేరు: లండన్‌లో నలభై వేల జనం ఉన్నారు, 120 చర్చీలున్నాయి, అయినా నా చేతికి పైసా రాదు.