దశాంశ మాహాత్మ్యం

నాలుగు తలుపులూ ఒకే మెత్తని చప్పుడుతో మూసుకుంటాయి. సీట్ల తోలు ఒకటే, అద్దాలు ఒకటే, డిక్కీలో పట్టే పెట్టెలూ అన్నే. అయినా ఆ రెండు కార్లూ ఒకటి కావు. ఒకటి నిలబడ్డ చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 5.4 సెకన్లు తీసుకుంటుంది. దాని తోడబుట్టినది అదే పనిని 4 సెకన్లలో ముగిస్తుంది. ఈ 1.4 సెకన్ల సందులోనే ఆధునిక మానవుడి పరువు ప్రతిష్ఠలన్నీ ఇమిడి ఉన్నాయన్న సత్యాన్ని గ్రహించనివారు ఇప్పటికీ కొందరున్నారు. ఒక విలాసవంతమైన సెడాన్‌లో వేరియంటుకీ వేరియంటుకీ ఉన్న పికప్ తేడాను పోల్చి చూడటం పనీపాటా లేనివారి కాలక్షేపమని వారు తేలిగ్గా కొట్టిపారేస్తారు. అటువంటివారికి ఈ విషయం బరువు తెలియజెప్పడం నా విధిగా భావిస్తున్నాను.

ఈ శాస్త్రం ఎందుకు వర్ధిల్లిందో ముందుగా చెప్పుకోవాలి. 1980ల చివర్లో కొన్ని జర్మన్ కంపెనీలు తమలో తాము ఒక పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. ఎంత బలమైన ఇంజన్ పెట్టినా కారు గంటకు 250 కిలోమీటర్లు దాటకుండా ఎలక్ట్రానిక్ కళ్లెం వేయాలన్నది దాని సారాంశం. 1987 నాటి పన్నెండు సిలిండర్ల బీఎండబ్ల్యూ 750 ఆ కళ్లేనికి తల ఒగ్గిన తొలి కార్లలో ఒకటి. ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, దాని వల్ల ఖరీదైన వేరియంటు కొన్నవాడికి జరిగిన అన్యాయాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిది సిలిండర్లవాడూ 250 దగ్గరే ఆగి, పన్నెండు సిలిండర్లవాడూ 250 దగ్గరే ఆగితే ఇక ఎక్కువ డబ్బు పోసినవాడికి మిగిలిందేమిటి? చివర్లో అందరూ సమానమైపోతున్నప్పుడు హెచ్చుతగ్గులు మొదట్లోనే తేల్చుకోవాలి. ఆ విధంగా, పెద్దలు ఆరంభ శూరత్వమని ఈసడించిన గుణమే కార్ల కరపత్రాల్లో మొదటి పేజీకి ఎక్కి కూర్చుంది.

అంతకు ముందు ఈ తేడాను చాటుకోవడంలో కొంత మొహమాటం ఉండేది. 1968లో మెర్సిడెస్ తన భారీ 600 లిమోజీన్ కోసం చేసిన 6.3 లీటర్ల వి8 ఇంజన్‌ను తెచ్చి, 300 ఎస్ఈఎల్ అనే మర్యాదస్తుడైన సెడాన్‌లో బిగించింది. ఎరిక్ వాక్సెన్‌బర్గర్ అనే ఇంజనీరు పట్టుదల ఫలితమది. 6.5 సెకన్లలో 100 అందుకునే ఆ కారుకూ, నిదానంగా నడిచే దాని అన్నకూ బయటికి కనిపించే పెద్ద తేడా డిక్కీ మూత మీది 6.3 అన్న చిన్న అంకె. ఆ అంకెను చదవగలిగే అవకాశం వెనకబడ్డవాడికి మాత్రమే దొరికేది, అదీ అరక్షణం. గెలిచినవాడి చిరునామా ఓడినవాడికి మాత్రమే తెలిసే ఆ ఏర్పాటులో ఒక హుందాతనం ఉండేదని ఒప్పుకోక తప్పదు.

డిక్కీ మీది అంకెలు ఇప్పుడు అంత అమాయకంగా లేవు. ఒకప్పుడు అంకె చూస్తే ఇంజన్ పరిమాణం తెలిసేది. ఇప్పుడు అంకె చూస్తే అంకె తెలుస్తుంది. మెర్సిడెస్ ఇ-క్లాస్‌లో 63, అంటే 6.3 లీటర్లు, అన్న బిరుదు వచ్చినప్పుడు దాని కింద 6.2 లీటర్ల ఇంజన్ ఉండేది. అంటే పుట్టుకలోనే పిసరంత అతిశయోక్తి. తర్వాత అది 5.5 లీటర్లయింది, ఆ తర్వాత 4 లీటర్లయింది, బిరుదు మాత్రం 63గానే నిలిచింది. 2022లో వచ్చిన దాని తమ్ముడు సి 63లోనైతే 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, దానికి తోడుగా ఒక విద్యుత్ మోటారు. ఇంజన్ మూడో వంతుకు చిక్కిపోయినా బిరుదుకు వెంట్రుకవాసి నష్టం జరగలేదు. పైగా పాత సి 63 ఎస్ సెడాన్‌కు 4 సెకన్లు పట్టిన పనిని కొత్తది 3.4 సెకన్లలో చేసి చూపింది కనుక, లీటర్లు పోయాయని ఏడ్చేవారికి దశాంశాలతో, అంటే సెకనులో పదో వంతులతో, ఓదార్పు దొరికింది. ఆడి కంపెనీ 2017లో మరింత గంభీరమైన పద్ధతి తెచ్చింది. 81 నుంచి 96 కిలోవాట్ల బలమున్న కారుకు 30 అని, 400 కిలోవాట్లు దాటినదానికి 70 అని పేరు పెట్టింది. 30 అంటే 30 ఏమిటని అడిగేవాడు ఆ కారుకు తగినవాడు కాదని అర్థం చేసుకోవాలి. పోర్షే టైకాన్ అచ్చంగా విద్యుత్తుతో నడుస్తుంది. దానికి పెట్రోలు లేదు, పొగ లేదు, పొగతో తిరిగే టర్బో యంత్రమూ లేదు. అయినా పై మెట్టు వేరియంటు పేరు టర్బో, ఆపై మెట్టు టర్బో ఎస్. ఉన్నదానికి పేరు పెట్టడం ఎవరైనా చేస్తారు.

ఇంతకీ మొదట్లో చెప్పిన ఆ తోడబుట్టినవి టైకాన్లే. మొదటి తరంలో మామూలు టైకాన్‌కు 5.4 సెకన్లు, 4ఎస్‌కు 4, టర్బోకు 3.2, టర్బో ఎస్‌కు 2.8 సెకన్లు. మెట్లు పైకి పోయేకొద్దీ ఎత్తు తగ్గి, ఎక్కే ఖర్చు పెరగడం ఇలాంటి నిచ్చెనలన్నిటికీ ఉన్న లక్షణం. పై రెండు మెట్ల మధ్య దూరం 0.4 సెకను. మనిషి రెప్పపాటు సుమారు 0.1 నుంచి 0.4 సెకను వరకు ఉంటుంది కనుక, టర్బో ఎస్ కొన్నవాడు తన డబ్బు ఎక్కడికి పోయిందో చూసుకోవాలంటే ఆ సమయంలో రెప్ప వేయకూడదు.

దశాంశం విలువను ఇంకా చిన్నబుచ్చేవారి కోసం ఒక లెక్క చెబుతాను. ఒకే కారు రెండు వేరియంట్లు పక్కపక్కనే నిలబడి, ఒకటి 5 సెకన్లలో, మరొకటి 5.1 సెకన్లలో 100 అందుకున్నాయనుకుందాం. త్వరణం మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉందనుకుంటే, గెలిచిన కారు 100 చేరే క్షణానికి సుమారు 69 మీటర్లు పోయి ఉంటుంది, ఓడిన కారు 68 మీటర్లు దాటి ఉంటుంది. మధ్యలో ఎడం మీటరున్నర కూడా లేదు. అంటే గెలిచిన కారు వెనక సీటులో కూర్చున్న యజమాని ఓడిన కారు డ్రైవరుకు ఇంచుమించు సరిసమానంగా ఉంటాడు. అతను కిటికీలోంచి పక్కకు చూస్తే ఓడినవాడి ముఖమే కనిపిస్తుంది. ముందున్న డ్రైవరు చెబితే తప్ప తాను గెలిచిన సంగతి అతనికి తెలిసే మార్గం లేదు. డ్రైవరును జీతమిచ్చి పెట్టుకోవడం ఎందుకని ప్రశ్నించేవారు ఈ కోణం గమనించాలి.

ఇక కొలిచే విధానం. ఇక్కడే ఈ శాస్త్రం కళగా మారుతుంది. కొన్ని దేశాలవారు సున్నా నుంచి 100 కిలోమీటర్లకు కొలుస్తారు. అమెరికావారు 60 మైళ్లకు కొలుస్తారు, అది 96.6 కిలోమీటర్లు. మూడున్నర కిలోమీటర్లు తగ్గించి పరిగెత్తినవాడికి ఒకటో రెండో దశాంశాలు ఊరికే కలిసొస్తాయి. దీనికి మించినది రోలవుట్ అనే వెసులుబాటు. తిన్నని బాట మీద కొద్ది దూరం సాగే డ్రాగ్ రేసుల్లో ముందు చక్రం ఒక కాంతి కిరణాన్ని అడ్డుకుని నిలబడుతుంది, చక్రం దాన్ని వదిలిపెట్టాకనే గడియారం కదులుతుంది. ఆలోగా కారు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు ముందుకు జరిగే ఉంటుంది. ఆ సంప్రదాయాన్ని గౌరవించి, మొదటి అడుగుకు పట్టిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. భూమ్యాకర్షణకు సమానమైన త్వరణంతో దూకే కారుకు ఆ అడుగు దాటడానికి పావు సెకను పడుతుంది, అడుగు చివర దాని వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్లకు చేరువగా ఉంటుంది. నిలబడ్డ చోటి నుంచి అన్న మాటకు, నిలబడ్డ చోటి నుంచి ఒక అడుగు అవతల నుంచి, కాస్త పరుగులో ఉండగా అని భాష్యం చెప్పుకోవాలన్నమాట. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 60 మైళ్ల వేగాన్ని 1.99 సెకన్లలో అందుకుంటుందన్న ప్రకటన పక్కనే, మొదటి అడుగు మినహాయించామని కంపెనీ నిజాయితీగా రాసింది. ఆ అడుగును కలిపితే 2 ముందుకొస్తుంది. 1తో మొదలయ్యే సంఖ్యకున్న అందం 2తో మొదలయ్యేదానికి ఎక్కడిది?

అంత కష్టపడి సంపాదించిన అంకెను రోడ్డు మీద తిరిగి రాబట్టడం కూడా అందరి వల్లా అయ్యే పని కాదు. నిలబడ్డ కారును పూర్తి బలంతో దూకించే లాంచ్ కంట్రోల్ అనే క్రతువు ఒకటుంది. గేర్‌బాక్స్ నూనె తగినంత వేడెక్కి ఉండాలి, స్టీరింగ్ తిన్నగా ఉండాలి, స్పోర్ట్ మోడ్ ఎంచుకోవాలి. అప్పుడు ఎడమ కాలితో బ్రేకు గట్టిగా అదిమి, కుడి కాలితో యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టాలి. ఇంజన్ ఒకే శ్రుతి మీద బుసకొడుతుంది, డ్రైవరు ముందున్న తెర మీద అంతా సిద్ధమన్న సందేశం వెలుగుతుంది. ఎడమ కాలు తీయగానే వెనక సీటులోని పెద్దమనిషి తల వెళ్లి దిండుకు కొట్టుకుంటుంది, చేతిలోని ఫోను ఒళ్లో పడుతుంది, సంతకం కోసం తెరిచిన కాగితం మీద కలం ఒక పొడుగాటి గీత గీస్తుంది. కొన్ని విద్యుత్ కార్లలోనైతే బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకోవడానికి కొన్ని నిమిషాల పాటు ఆగాలి. పదో వంతు సెకను ఆదా చేయడానికి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవడాన్ని చూసి కొందరు నవ్వుతారు. పొదుపు అంటే ఏమిటో వారికి తెలియదు.

బరువు విషయంలో మాత్రం నాకు కొంత బాధ ఉంది. ప్రకటించే అంకె సాధారణంగా డ్రైవరు ఒక్కడే ఉన్న కారుది. రెండు టన్నుల సెడాన్‌లోకి తలా 75 కిలోల చొప్పున మరో ముగ్గురు ఎక్కితే బరువు పదకొండు శాతం పెరుగుతుంది, 5 సెకన్లు కాస్తా స్థూలంగా అయిదున్నర సెకన్లవుతాయి. ఒక వేరియంటుకూ దాని పై వేరియంటుకూ ఉన్న తేడా అంతా భార్య, బిడ్డ, బావమరిది కలిసి తినేశారన్నమాట. ఎంతో డబ్బు పోసి పై మెట్టు ఎక్కినవాడు బంధువులను ఎక్కించుకున్న మరుక్షణం కింది మెట్టుకు జారుతున్నాడు. ఈ ప్రమాదం గురించి కరపత్రాల్లో ఎక్కడా హెచ్చరిక కనిపించదు. బంధువులే అక్కర్లేదు, కారు తనంతట తానే లావెక్కినా ఇదే జరుగుతుంది. 2017లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5కు 600 హార్స్‌పవర్, 3.4 సెకన్లు, 2024లో వచ్చిన దాని వారసుడికి విద్యుత్ మోటారు సాయంతో 727 హార్స్‌పవర్, 3.5 సెకన్లు. 127 గుర్రాలు అదనంగా వచ్చి చేరినా ఒక దశాంశం వెనకబడిందంటే కారణం, బ్యాటరీతో సహా పెరిగిన అయిదు వందల కిలోలకు పైబడిన బరువు. కొత్తగా వచ్చిన గుర్రాలన్నీ కొత్తగా వచ్చిన బరువును మోయడానికే సరిపోయాయి. పాతది అమ్మి కొత్తది కొన్నవాడు ఈ దశాంశాన్ని ఇంట్లో ఎలా చెప్పుకుంటాడో ఊహించడానికే కష్టంగా ఉంది.

ఇన్ని చిక్కులకూ విద్యుత్ యుగం ఒక చక్కని పరిష్కారం కనిపెట్టింది. వేరియంట్ల మధ్య తేడా కోసం వేరు వేరు ఇంజన్లు చేయడం వృథా శ్రమ. ఒకే మోటారు పెట్టి, దానికి ఎంత దూకుడు అనుమతించాలో సాఫ్ట్‌వేర్‌తో నిర్ణయిస్తే చాలు. టెస్లా 2019లో మోడల్ 3 లాంగ్ రేంజ్ యజమానులకు ఈ సదుపాయం అమ్మింది. డబ్బు కడితే 60 మైళ్లకు పట్టే 4.4 సెకన్లు 3.9 అవుతాయి, గరాజులోకి మెకానిక్ రావలసిన పని లేదు. 2022లో మెర్సిడెస్ అమెరికాలో దీన్ని ఏడాది చందాగా ప్రకటించింది. ఇక్యూఎస్ 450 ఫోర్‌మ్యాటిక్ అనే విద్యుత్ సెడాన్‌కు 5.3 సెకన్ల నుంచి 4.5 సెకన్లకు పదోన్నతి. ఇదివరకు కొననివాడికి పెద్ద ఇంజన్ ఉండేది కాదు. ఇప్పుడు కొననివాడి కారులో కూడా ఆ బలం ఉంటుంది, చందా కట్టేవరకు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దాన్ని రోజూ మోసుకు తిరిగేదీ యజమానే, దానికి కరెంటు పోసేదీ యజమానే. అయినా అది అతని మాట వినదు. క్రమశిక్షణ అంటే ఇదీ.

ఈ ఏర్పాటులో నాకు కనిపించిన లోపం ఒక్కటే. చందా కట్టినవాడి కారుకూ కట్టనివాడి కారుకూ డిక్కీ మీద ఒకే అక్షరాలు, ఒకే అంకెలు ఉంటాయి. కష్టపడి సంపాదించి, 0.8 సెకను కొనుక్కుని, సిగ్నల్ దగ్గర ఎర్రదీపం కింద నిలబడ్డవాడిని పక్కవాడు గుర్తుపట్టేదెలా? అందుచేత కంపెనీలవారికి నా సవినయ మనవి ఏమిటంటే, చందా రసీదును డిక్కీ మూత మీద అమర్చుకోవడానికి వీలుగా ఒక చిన్న అద్దపు చట్రం సమకూర్చాలి. ఏటేటా కొత్త రసీదు పెట్టుకోవలసి ఉంటుంది కనుక అది సులువుగా తెరుచుకునేలా ఉండాలి. అయితే దాని బరువు వల్ల దశాంశానికి భంగం రాకుండా అల్యూమినియంతో చేయించడం మంచిది.