ఆన్‌లైన్ అప్పుల కంపెనీ: లాభం యాప్‌దా, నిధులదా?

యాప్ పక్షం: శాఖల్లేవు, కాగితాల్లేవు, నిమిషాల్లో అప్పు. ఖర్చు తక్కువ కాబట్టే లాభం. ఇందులో వాదించడానికేముందండీ?

పద్దుల పక్షం: లెక్క వేద్దాం. సగటున 100 బాకీ మీద ఏడాదికి 24 వడ్డీ వచ్చిందనుకోండి. తెచ్చిన నిధులకు 10, మొండిబాకీలకు 7, కస్టమర్‌ను పట్టడానికి 3, నిర్వహణకు 3 పోతే మిగిలేది 1. మీ యాప్ నిర్వహణను 2కు దించినా, నిధుల వడ్డీ 2 పెరిగితే చేతికి సున్నా.

యాప్ పక్షం: నిర్వహణ ఒక్కటే లెక్కిస్తే ఎలా? ఎగ్గొట్టేవాళ్లను మోడల్ (ఎవరు తీరుస్తారో అంచనా వేసే ప్రోగ్రామ్) ముందే పసిగడితే 7 కాస్తా 5 అవుతుంది. పాత కస్టమరే మళ్లీ వస్తే ప్రకటనల ఖర్చూ ఉండదు.

పద్దుల పక్షం: పాత కస్టమర్ మాట గట్టిదే, పాత అప్పు తీర్చడానికే కొత్తది తీసుకోనంతవరకు. సరే, 7 నిజంగా 5 అయిందని ఎలా తెలిసింది?

యాప్ పక్షం: 90 రోజులు దాటిన బాకీల శాతం తగ్గిందిగా!

పద్దుల పక్షం: 100లో 6 మొండిదైతే 6 శాతం. గత రెండు నెలల్లో ఇంకో 100 అప్పిచ్చారు. వాటికి 90 రోజులు దాటే వ్యవధే లేదు. వసూళ్లు ఏమీ మెరుగుపడకుండానే శాతం 3కు దిగుతుంది. అందుకే అప్పిచ్చిన నెలవారీగా బ్యాచ్‌లు కట్టాలి. జనవరి బ్యాచ్ 6వ నెలలో 2 శాతం ఎగవేసి, ఏప్రిల్ బ్యాచ్ తన 6వ నెలలో 3 శాతం ఎగవేస్తే మోడల్ జారుతున్నట్టే. రైటాఫ్ చేసినవీ, అంటే ఇక రావని పద్దులోంచి కొట్టేసినవీ, కలపాలి. చాలామంది ఇక్కడే జారుకుంటారు.

యాప్ పక్షం: అసలు అప్పు మన పద్దులో ఎందుకు? పెట్టుబడిదారులకు అమ్మేసి ఫీజు తీసుకుంటే చాలదా?

పద్దుల పక్షం: అమెరికాలో ఇలాగే ఫీజుల మీద నడిచే అప్‌స్టార్ట్ కంపెనీని చూడండి: 2022లో వడ్డీరేట్లు పెరిగాక దాని అప్పులు కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, దాంతో ఫీజులూ పడిపోయాయి. అక్కడి మరో ఆన్‌లైన్ అప్పుల కంపెనీ లెండింగ్‌క్లబ్ 2021లో రేడియస్ బ్యాంకును కొనడానికి ప్రధాన కారణం చవకైన, నిలకడైన డిపాజిట్లే.

యాప్ పక్షం: రేడియస్ కూడా ఆన్‌లైన్ బ్యాంకేనండోయ్! ఆ డిపాజిట్లు తెచ్చింది టెక్నాలజీ కాదా?

పద్దుల పక్షం: తెచ్చింది, కాదనను. కానీ గడువు కుదిర్చేది యాప్ కాదు. 12 నెలల అప్పుకు 3 నెలల నిధులు పెడితే ఏడాదిలో మూడుసార్లు కొత్త నిధులు వెతకాలి. ఒక్కసారి దొరక్కపోయినా, కస్టమర్ కట్టకముందే మనం కట్టాల్సి వస్తుంది.